హోటల్లో మస్టరు



నేను సింగరేణిలో ముప్పై రెండేళ్లు మస్టరు క్లర్కుగా చేసినవాణ్ని. మస్టరు అంటే ఏమిటో మా గోదావరిఖనిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మిగతా చోట్ల వింటున్నవారి కోసం చెబుతాను. బొగ్గుబాయి దిగేముందు ప్రతి మనిషీ ఒక కిటికీ దగ్గర ఆగి పేరు చెప్పుకోవాలి. లోపల కూర్చున్నవాడు రిజిస్టరులో ఆ పేరు ఎదుట గుర్తు పెట్టాలి. దాన్నే మస్టరు పడటం అంటారు. మస్టరు పడకపోతే ఆ పూట కూలి లేదు. అది చిన్న సంగతి. భూమి కింద ఎందరున్నారో భూమి పైన ఉన్నవాళ్లకు లెక్క తెలియాలి, అదీ పెద్ద సంగతి. దిగినవాళ్లందరూ ఎక్కారా లేదా అన్నది నా కాగితం చెప్పాలి. రిటైరై ఇన్నేళ్లయినా ఆ అలవాటు పోలేదు. పెళ్లికి పోయినా చావుకు పోయినా ముందు తలకాయలు లెక్కపెడతాను. ఎవరొచ్చారు, ఎవరు రాలేదు.

రెండేళ్ల కిందట మా బిడ్డ దగ్గర కొన్నాళ్లుందామని నేనూ మా ఇంటామె హైదరాబాదు పోయాం. ఆరు నెలలు కూకట్‌పల్లిలో ఉన్నాం. పని లేని ముసలివాడికి పట్నంలో రెండే దారులు. టీవీ ముందు కూర్చోవాలి, లేదంటే చెప్పులేసుకుని బయటపడాలి. నేను బయటపడ్డాను. చార్మినారు, గోలకొండ చూసి రమ్మని అల్లుడు చెప్పాడు. చూశాను. కానీ మళ్లీ మళ్లీ తిరిగింది మాత్రం చాయ్ హోటళ్లు, మెస్సులు, కూరగాయల బజార్లు. పోయిన ప్రతిచోటా మస్టరు వేశాను. ఆ లెక్క ఇవాళ మీకు అప్పజెప్పాలని.

అయితే ముందు మా ఖని హోటళ్ల గురించి చెప్పకపోతే నా లెక్క మీకు అర్థం కాదు. నా నాలుకకు బడి అక్కడే.

మా ఊళ్లో అడ్రసులు బాయి నంబర్లతో నడుస్తాయి. ఫైవింక్లైన్ అంటే ఐదో నంబరు బాయి, అట్లాగే ఎయిటింక్లైన్ కాలనీ, లెవనింక్లైన్. బాయి మూతబడినా పేరు మూతబడదు. హోటలు ఎక్కడంటే ‘టూ ఇంక్లైన్ గేటు కాడ’ అనేవాళ్లు. పొద్దున ఏడింటికి మొదటి షిఫ్టు, పగలు మూడింటికి రెండో షిఫ్టు, రాత్రి పదకొండింటికి నైటు. బాయి గేటు ముందున్న హోటలు పొయ్యి ఈ మూడు గంటలకు కట్టుబడి ఉండేది. లోకమంతా పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం, రాత్రి మళ్లీ భోజనం అనుకుంటుంది. మా దగ్గర పొద్దున ఏడున్నరకు భోజనం చేసేవాడు ఉంటాడు, నైటు డ్యూటీ చేసి ఎక్కినవాడు. అదే బల్ల మీద అతని పక్కనే ఇడ్లీ తింటున్నవాడు దిగబోయేవాడు. ఒకడికి అది రాత్రి, ఒకడికి పొద్దున. ఒకరి మొహం మీద బొగ్గు, ఒకరి మొహం మీద పౌడరు. ఇద్దరికీ ఒకే గిన్నెలోంచి పల్లి చట్నీ.

మా బాపు కోల్ ఫిల్లరు. తట్టా చెమ్మస్ మనిషి. బొగ్గును పారతో తట్టకెత్తి, తట్టను మోసి టబ్బులో పోయడం ఆయన పని. జీతాలనాడు నన్ను చౌరస్తాలో ఒక హోటలుకు తీసుకుపోయేవాడు. నాకు పూరీ, ఆయనకు చాయ్. తినేటప్పుడు నా పళ్లెం వైపు చూడడు, బయటికి చూస్తూ కూర్చుంటాడు. ఎందుకు తినవు బాపూ అంటే ‘నాకు ఇంట్ల గట్క ఉన్నది’ అనేవాడు. మక్కగట్క, పచ్చిపులుసు. ఇప్పుడు హైదరాబాదులో ఆ గట్కను ఇత్తడి గిన్నెలో పోసి, పక్కన ఉల్లిగడ్డ ముక్క పెట్టి అమ్ముతున్నారు. దాని ధర సంగతి తర్వాత చెబుతాను.

బాయి మీద కంపెనీ క్యాంటీను ఉంటుంది. అప్పటి గనుల చట్టం ప్రకారం 250 మందికి మించి పనిచేసే గనికి క్యాంటీను పెట్టించే అధికారం సర్కారుకు ఉండేది. చవక. అయినా మనుషులు బయట హోటలుకే పోయేవాళ్లు. క్యాంటీనులో గోడలకు చెవులుంటాయని ఒక మాట. అసలు కారణం వేరే అనుకుంటాను. క్యాంటీనులో తిని లేవాలి. హోటల్లో కూర్చోవచ్చు. ఒక్క చాయ్ మీద గంటసేపు జెండాల గురించి కొట్లాడుకోవచ్చు. సింగరేణిలో గుర్తింపు సంఘానికి ఓట్లు పెట్టడం 1998లో మొదలైంది. హోటల్లో మాత్రం ఆ ఎన్నికలు నేను చిన్నవాడిగా ఉన్నప్పటి నుంచీ రోజూ జరిగేవి, ఫలితం ఏనాడూ తేలేది కాదు.

హోటలువాళ్లు నాకు చాయ్ పైసలు తీసుకునేవాళ్లు కాదు. ఎందుకో మొదట్లో అర్థం కాలేదు. ఒకరోజు యజమాని మెల్లగా అడిగాడు. ‘సార్, ఫలానాయన డ్యూటీకొస్తుండా?’ అతని దగ్గరొక నోటుబుక్కు, ఉద్దెర ఖాతా. అందులో పేర్లు నా రిజిస్టరులో పేర్లే. ఎవడు నాగాలు పెడుతున్నాడో తెలిస్తే ఎవడి బాకీ మునుగుతుందో తెలుస్తుంది. నా మస్టరు కంటే ఆయన మస్టరు పక్కా. నాగా చేసినవాడు నాకు కనబడడు గాని, ఆకలైతే ఆయనకు కనబడతాడు. ఆ రోజు నుంచి చాయ్ పైసలు ఇస్తూ వచ్చాను. సమాధానం మాత్రం చెప్పలేదు.

కూరగాయలు లక్ష్మీనగర్ దిక్కు. మొదటి షిఫ్టు మనిషి మూడింటికి ఎక్కి, ఇంటికి పోయి, ఒక కునుకు తీసి, ఐదింటికి సంచి పట్టుకుని భార్యతో వచ్చేవాడు. కమాన్‌పూర్ దిక్కు, మంథని దిక్కు నుంచి బస్సుల మీద గంపలు దిగేవి. పుంటికూర, తోటకూర, వానాకాలమైతే గంగవాయిలి కూర. అమ్మే ఆడవాళ్లకు పంచాంగం తెలిసినా తెలియకపోయినా సింగరేణి జీతాల తారీఖు తెలుసు. ఆ వారం టమాట ధర వేరు. ఇప్పుడైతే దసరా ముందర లాభాల వాటా పడే వారం వేరు. 2024లో కంపెనీ విస్తరణకు తీసిపెట్టగా మిగిలిన లాభంలో 33 శాతం, 796 కోట్లు కార్మికులకు పంచారు. ఆ వారం మా ఊళ్లో కోడి కూడా ఖరీదుగా నడిచింది.

ఈ బల్లల మీద మనుషులు ఎట్లా తగ్గారో కూడా చెప్పాలి. ఒకప్పుడు కంపెనీలో లక్షకు పైగా ఉండేవాళ్లం. ఇప్పుడు పర్మినెంటు వాళ్లు నలభై వేల దరిదాపు. లోపలి బాయిలు తగ్గాయి, ఓపెన్‌కాస్టులు పెరిగాయి. వేయి మంది తట్టలతో ఎత్తే బొగ్గును ఒక యంత్రం ఎత్తుతుంది. యంత్రం ఇడ్లీ తినదు. గేటు ముందు హోటళ్లు ఒక్కొక్కటే మూతబడ్డాయి. వాటి జాగాలో ఇప్పుడు రొట్టె, పప్పు దొరికే డాబాలు. మట్టి తీసే కాంట్రాక్టు పనుల్లో లారీలు నడపడానికి ఉత్తరాది నుంచి పిల్లలు వస్తున్నారు. వాళ్ల పేర్లు నా రిజిస్టరులో ఎప్పుడూ లేవు. వాళ్ల మస్టరు కాంట్రాక్టరు దగ్గర. ఇందాకటి లాభాల వాటాలో కాంట్రాక్టు కార్మికులకు కూడా మనిషికి ఐదు వేలు మొదటిసారి ఇచ్చింది ఆ 2024లోనే.

ఇక పట్నం.

మొదట రైతుబజారు. మా ఇంటామె వల్ల. బిడ్డ ఇంట్లో కూరగాయలు ఫోనులో నొక్కితే పది నిమిషాల్లో వస్తాయి. ప్లాస్టిక్ సంచిలో నాలుగు బెండకాయలు, ఒక్కోటి తుడిచినట్టు ఉంటుంది. మా ఇంటామె వాటిని చేత్తో పట్టుకుని ‘ఇవి చేన్ల కాసినట్టు లేవు, ఆఫీసుల కాసినట్టున్నయి’ అంది. సంచి నా చేతికిచ్చింది.

రైతుబజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి, అప్పుడు ఉమ్మడి రాష్ట్రం. పంజాబులో అప్నీ మండీ అని 1987లోనే ఉంది. తమిళనాడు వాళ్లు ఉళవర్ సంధై అని మన తర్వాత కొన్ని నెలలకు, అదే ఏడాది నవంబరులో పెట్టుకున్నారు. ఆలోచన చిన్నది. రైతుకూ కొనేవాడికీ మధ్య దళారి ఉండకూడదు. రైతుకు ఫోటోతో కార్డు ఇస్తారు, కూర్చునే జాగా ఇస్తారు, తక్కెడ ఇస్తారు. పొద్దున బోర్డు మీద ధర రాస్తారు. టోకు ధర కంటే రైతుకు కొంచెం ఎక్కువ రావాలి, చిల్లర దుకాణం కంటే మనకు కొంచెం తక్కువ పడాలి. ఎర్రగడ్డ, మెహిదీపట్నం, కూకట్‌పల్లి, సరూర్‌నగర్, వనస్థలిపురం, ఫలక్‌నుమా, అన్నీ తిరిగాను. బోర్డు మీద ధరలు చూస్తే నాకు మా బాయి నోటీసు బోర్డు గుర్తొచ్చింది. అందరూ దాని ముందు నిలబడతారు, చదివేది కొందరే, నమ్మేది ఇంకా కొందరే.

అక్కడ నా మస్టరు రెండు వరసల్లో వేశాను. కొనేవాళ్లు ఒక వరస, అమ్మేవాళ్లు ఒక వరస. పొద్దున ఆరింటికి కొనేవాళ్లంతా నాలాంటి రిటైరైనవాళ్లు, కర్రీ పాయింట్లకు మూటలు మోసుకుపోయే పిల్లలు. తొమ్మిదింటికి ఆఫీసులకు పోయేముందు వచ్చే ఆడవాళ్లు. సాయంత్రం మిగిలిపోయిన సరుకుకు బేరమాడేవాళ్లు వేరే జాతి, వాళ్లకు బోర్డుతో పని లేదు. అమ్మేవాళ్ల దగ్గర మాత్రం నా లెక్క తప్పింది. కార్డు మీద రైతు, గుట్ట వెనక వ్యాపారి. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు, బినామీల గోల రైతుబజార్లకు పాతదే. ఎవరు రైతో తేల్చుకోవడానికి నాకొక ఉపాయం దొరికింది. ‘ఈసారి పంట ఎట్లుంది?’ అని అడగాలి. వ్యాపారి ధర చెబుతాడు. రైతు వాన గురించి చెబుతాడు.

మెహిదీపట్నంలో ఒకామె ఆకుకూరల కట్టల వెనక కూర్చుంది. చేవెళ్ల దిక్కు మనిషి. గంగవాయిలి కూర కనబడింది. ఎంత అన్నాను.

‘గది నీకెర్కనా పెద్దనాయనా?’ అంది. ‘ఈడ ఎవ్వరు అడుగరు. గడ్డి అనుకుంటరు. ఏ ఊరు మీది?’

‘గోదావరిఖని.’

‘బొగ్గుబాయిల ఊరా? మా మేనమామ ఆడనే చేసిండు. మీకు తెలుస్తదా?’

నాకు తెలియదు. లక్షమంది చేసిన చోట ఒక మేనమామను ఎట్లా పట్టుకోవాలి! కానీ ఏ బాయి అని అడిగాను. ఆమెకు తెలియదు. ఇద్దరం కాసేపు తెలియని మనిషి గురించి మాట్లాడుకున్నాం. నాలుగు కట్టలకు పైసలిస్తే ఆరు కట్టలు సంచిలో పెట్టింది. కొసరు. పది నిమిషాల ఫోను దుకాణంలో అన్నీ ఉన్నాయి, కొసరు మీట ఒక్కటి లేదు.

బోయినపల్లి మార్కెట్టు సంగతి మాత్రం బొగ్గు మనిషిగా చెప్పి తీరాలి. అది టోకు బజారు. అక్కడ కుళ్లిన కూరగాయలు రోజుకు పది టన్నుల దాకా పోగవుతాయి. వాటిని పారేయకుండా గ్యాసు చేసి, ఆ గ్యాసుతో కరెంటు పుట్టిస్తున్నారు. రోజుకు 500 యూనిట్లు. హైదరాబాదులోని ఐఐసీటీ అనే పరిశోధన సంస్థ వాళ్ల పరిజ్ఞానం. 2021 జనవరిలో ప్రధానమంత్రి తన రేడియో మాటల్లో కూడా దీని గురించి చెప్పారు. నేను గేటు దగ్గర నిలబడి మనసులో లెక్క వేశాను. 500 యూనిట్లకు బొగ్గు ఎంత కావాలి? యూనిట్టుకు ముప్పావు కిలోకు కొంచెం తక్కువ వేసుకుంటే మూడున్నర క్వింటాళ్లు. మా బాపు కాలపు టబ్బులో మూడో వంతు. మా రామగుండం ఎన్టీపీసీ పాత ఏడు యూనిట్లు 2,600 మెగావాట్లు. అవి నిండుగా నడిస్తే 500 యూనిట్లు తీయడానికి ఒక్క సెకను కూడా పట్టదు. నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. మా సెకను వెనక ఒక ఊరు తవ్వబడి ఉంటుంది. ఇక్కడ ఎవరూ దిగలేదు, ఎవరూ ఎక్కలేదు, మస్టరు కిటికీ అవసరమే లేదు. కుళ్లిన టమాట తన డ్యూటీ తాను చేసుకుంటోంది.

దీనికి తోడు ఇంకొకటి. హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఎన్టీఆర్ గార్డెన్స్ దగ్గర పిల్లలు ఐస్‌క్రీము తింటుంటారు, సినిమాలకు పోతుంటారు. నిజాం కాలంలో, 1920ల నుంచి, అక్కడొక కరెంటు కార్ఖానా ఉండేది. బొగ్గుతో నడిచేది. దశాబ్దాలు నడిచి ఆగిపోయింది, 1990లలో కూల్చారు. అల్లుడికి చూపించి చెప్పాను. ‘ఇక్కడ పొగగొట్టం ఉండేదా మామయ్యా?’ అని ఆకాశం వైపు చూశాడు. ఉంటే కనబడుతుందన్నట్టు.

ఇక ఇరానీ హోటళ్లు. ఇరాన్ దేశం యజ్ద్, కెర్మాన్ దిక్కు నుంచి బొంబాయి మీదుగా వచ్చినవాళ్లు పెట్టినవి. ఆబిడ్స్‌లో గ్రాండ్ హోటలు 1935 నాటిది. నేను ఎక్కువగా కూర్చుంది సికింద్రాబాద్ స్టేషను ఎదుట. ఎందుకంటే అక్కడ షిఫ్టులు కనబడతాయి. డికాక్షనును మూత బిగించిన పాత్రలో గంటల తరబడి మరిగిస్తారు. పాలను వేరే మరిగించి చిక్కబరుస్తారు. కప్పులో రెండూ కలుస్తాయి. అందుకే ఆ చాయ్‌లో పాల వాసన, ఆకు వాసన విడివిడిగా ముక్కుకు తగులుతాయి. మా బాయి గేటు చాయ్ అట్లా కాదు. పాలు, పొడి, చక్కెర అన్నీ ఒకే గిన్నెలో పడి ఒకరినొకరు తిట్టుకుంటూ ఉడుకుతాయి. ఇరానీ చాయ్ గొప్పదే, కాదనను. అయితే నైటు డ్యూటీ చేసి ఎక్కినవాడికి అది చాలదు. గొంతులో దిగిన బొగ్గుపొడిని కడగాలంటే మా తిట్ల చాయే కావాలి.

అక్కడ నా మస్టరు రాసుకున్నాను, నిజంగానే చిన్న నోటుబుక్కులో. ఎర్రచొక్కా హమాలీలు నలుగురు. ఆర్టీసీ డ్రైవర్లు ఇద్దరు. రైలు దిగి ఎక్కడికి పోవాలో తెలియక ఒకే చాయ్‌ని చల్లారబెట్టుకుంటున్న కుర్రాడు ఒకడు. పోలీసాయన ఒకడు. ఉర్దూ పేపరు చదివే పెద్దాయన, ఆయన పేపరులో వెనక పేజీ చదివే ఇంకో పెద్దాయన. ఆడవాళ్లు సున్నా. మర్నాడూ సున్నా. నెక్లెస్ రోడ్డు పక్కన, ఆఫీసుల దిక్కు కొత్త హోటళ్లలో సగం మంది ఆడపిల్లలే, ఆ మార్పు నా కళ్లతో చూశాను. పాత చాయ్ హోటల్లో మాత్రం ఆ కాలమ్ ఖాళీ.

మా ఖని హోటళ్లలో ‘ఫ్యామిలీ రూం’ ఉండేది. చెక్క గది, పూల పరదా. ఆడవాళ్లతో వస్తే సర్వరు పరదా ఎత్తి లోపలికి పంపేవాడు. మా పెళ్లయిన కొత్తలో మా ఇంటామెను తీసుకుపోతే ఆ పరదా వెనక ఊపిరాడలేదు. ‘గీ డబ్బల నేను తినను, ఇంటికి పోదాం’ అంది. దోసె చేతిలో పట్టుకుని నడుచుకుంటూ ఇంటికొచ్చాం. ఆ కాలంలో లోపలి బాయికి దిగేవాళ్ల రిజిస్టరులో కూడా ఆడపేరు ఉండేది కాదు, ఆడవాళ్లు భూమి కింద పనిచేయరాదని చట్టం. 2019లో దాన్ని సడలించారు. పరదా ఎప్పుడు తీశారో ఎవరూ ఏ రిజిస్టరులోనూ రాసినట్టు లేరు.

మధ్యాహ్నం భోజనానికి అమీర్‌పేట. అక్కడి మెస్సులు నన్ను ఓడించాయి. కోచింగు సెంటర్ల పిల్లలు, హాస్టళ్ల పిల్లలు, కూర్చున్నవాడి వెనక నిలబడి వాడు పెరుగులోకి వచ్చాడా లేదా అని తొంగి చూసేవాళ్లు. మా బాయిలో మనుషుల్ని పైకి తెచ్చే కేజీ, అంటే లిఫ్టు, కోసం కూడా ఇంత తొందర ఉండదు. ఆ వరసలో ఒక పిల్లవాడు నా యాస పట్టేశాడు. ‘ఖనా సార్ మీది? మాది ఎయిటింక్లైన్ కాలనీ.’ తండ్రి సింగరేణి. పిల్లవాడు సాఫ్ట్‌వేరు నేర్చుకుంటున్నాడు. పప్పు రెండోసారి వేయించుకుంటూ, ‘ఈడ పప్పు నీళ్లలెక్కుంటది సార్, గని అడిగినన్ని సార్లు ఏస్తరు’ అన్నాడు. వాణ్ని నోటుబుక్కులో వేరే పేజీలో రాసుకున్నాను.

కర్రీ పాయింటును నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అన్నం ఇంట్లో వండుకో, కూర మా దగ్గర తీసుకుపో. ఇంత సూటి బేరం ఇంకోటి లేదు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో రాత్రి ఎనిమిదింటికి పొయ్యి ముందు ఎవరు నిలబడాలన్న కొట్లాటను అది ప్యాకెట్లో కట్టి పంపేసింది. నూనె ఎక్కువ. నిజమే. ఆ కొట్లాటల్లో కాలిన నూనె కంటే తక్కువే.

హైదరాబాదుకు 2019లో యునెస్కో వాళ్లు ఆహార నగరమని బిరుదు ఇచ్చారు. బిర్యానీకి, హలీముకు వచ్చిన పేరు అది, రావాల్సిందే. దాని వెంబడే తెలంగాణ రుచులంటూ పెద్ద హోటళ్లు లేచాయి. వాటిలో ఒకదానికి, పేరెందుకులెండి, బిడ్డ మమ్మల్ని తీసుకుపోయింది. లాంతర్లు, ఎడ్లబండి చక్రం, గోడ మీద చాట. ఇందాక చెప్పిన గట్క అక్కడే. మా బాపు ఒక వారం కూలి అంత ధర. సర్వపిండి తెచ్చారు. చల్లగా, మెత్తగా, మధ్యలో వేలితో పెట్టే చిల్లులు కూడా లేవు. మా ఇంటామె దాన్ని తిప్పి చూసి పళ్లెంలో పెట్టింది. సర్వరు పిల్లవాడు వంగి ‘ఎలా ఉంది అమ్మా?’ అన్నాడు. వాడిది విజయనగరం దిక్కు యాస. ‘బాగుంది బిడ్డా, నువ్వు తిన్నవా?’ అంది. వాళ్లకు భోజనం నాలుగింటికట. బిల్లు నేను చూడలేదు, చూడనివ్వలేదు.

దానికి పూర్తిగా అవతలి ఒడ్డున ఐదు రూపాయల భోజనం. 2014లో నగరపాలక సంస్థ మొదలుపెట్టింది, వండి పంపేది హరేకృష్ణ సంస్థ. అన్నం 400 గ్రాములు, పప్పు, సాంబారు, పచ్చడి. ఉస్మానియా ఆస్పత్రి దగ్గర నేనూ వరసలో నిలబడ్డాను. నా జీవితంలో వేసిన మస్టర్లలో అంత నిండైనది ఇంకొకటి లేదు. అడ్డా కూలీలు, ఆటో డ్రైవర్లు, రోగుల వెంట వచ్చినవాళ్లు, మెడికల్ షాపు చీటీ చేతిలో పట్టుకున్న ఒక తల్లి, ఇస్త్రీ చొక్కా వేసుకుని తల దించుకున్న ఒకాయన. ఇక్కడ ఆడవాళ్లూ ఉన్నారు, వరసలో మూడో వంతు. అందరూ నిలబడే తిన్నారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. బాయిలో విరామం పూట సద్ది విప్పుకుని తినేటప్పుడు కూడా మనుషులు మాట్లాడుకుంటారు, చీకట్లో దీపాల వెలుగులో. ఇక్కడ పట్టపగలు నిశ్శబ్దం. బాగా ఆకలైతే అట్లా ఉంటుందేమో. అన్నం మాత్రం వేడిగా ఉంది, పప్పు అమీర్‌పేట కంటే చిక్కన.

నైటు షిఫ్టు చూడనిదే నా లెక్క పూర్తి కాదు కదా. అల్లుడితో అన్నాను. వాడు తెల్లవారుజామున మూడున్నరకు నాంపల్లి దిక్కు దోసెల బండి దగ్గరికి తీసుకుపోయాడు. రామ్ కీ బండి అంటారు. ఊరంతా నిద్రపోతుంటే అక్కడ జాతర. మెడలో కంపెనీ కార్డులు వేలాడుతున్న పిల్లలు, క్యాబ్ డ్రైవర్లు, సినిమా చూసి ఇంటికి పోనివాళ్లు. పెనం మీద వెన్న ముద్దలు ముద్దలుగా పడుతోంది. ఇడ్లీని కూడా వెన్నలో ముంచుతున్నారు. ఇంత వెన్న ఎందుకు బాబూ అనిపించింది, మా గేటు దగ్గర ఇంత తిని దిగినవాడు టబ్బు దాకా కూడా నడవలేడు. కానీ ఆ పిల్లల కళ్లు చూశాను. నైటు డ్యూటీ కళ్లు. నేను ముప్పై రెండేళ్లు కిటికీలోంచి చూసిన కళ్లే. అమెరికా వాళ్ల పగలు వీళ్ల రాత్రి. మా బిడ్డదీ అదే డ్యూటీ. సైరన్ లేదు, అంతే తేడా. వాళ్ల మస్టరు తలుపు దగ్గరున్న మిషను వేస్తుంది. ఎక్కారా లేదా అని మిషను అడగదు.

ఆరు నెలలయ్యాక మా ఇంటామెకు విసుగొచ్చింది. నాకు రాలేదు, కానీ రైలు టికెట్లు ఆమె తీయించింది. రామగుండం స్టేషనులో దిగి ఆటోలో ఖని చౌరస్తాకు వచ్చేసరికి ఇంకా చీకటి. ఆమెను ఇంటి దగ్గర దింపి, పాలు తెస్తానని చెప్పి మళ్లీ చౌరస్తాకు నడిచాను. టిఫిన్ బండి మీద ఆవిరి. బండాయన పాత మనిషి, వాళ్ల నాన్న టూ ఇంక్లైన్ గేటు దగ్గర హోటలు నడిపినాయన, ఆ ఉద్దెర నోటుబుక్కు ఆయన.

‘ఎప్పుడొచ్చినవ్ సార్? పట్నంల మంచిగ తిన్నవా?’

‘తిన్న. నువ్వు పెట్టు.’

కాంట్రాక్టు కంపెనీ వ్యాను వచ్చి ఆగింది. అందులోంచి ఏడెనిమిది మంది దిగారు, మట్టి రంగు బట్టలు, మెడలో గమ్‌చాలు. నైటు చేసి వస్తున్నారు. ఒక పిల్లవాడు, ఇరవై ఏళ్లుంటాయేమో, పళ్లెం పట్టుకుని నా పక్కన నిలబడ్డాడు. చట్నీని వేలితో నాకి చూసి ‘యే కిస్‌కా హై, చాచా?’ అన్నాడు. పల్లీలది అన్నాను. అర్థం కాలేదు. మూంగ్‌ఫలీ అన్నాను. నవ్వి బండి వైపు గిన్నె చాపాడు, బండాయన ఇంకో గరిటె వేశాడు. ఏ ఊరని అడిగితే ఝార్ఖండ్ అన్నాడు. పేరు అడిగాను. చెప్పాడు.

నా చెయ్యి చొక్కా జేబులోకి పోయింది, పెన్ను కోసం.